వినయం మీద పన్నెండు పాఠాలు

బడి వీధి, మేడ మీది గది
జూన్ 6

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో పదకొండు తప్పులు. ‘విశ్వాసం’లో వత్తు ఎక్కడ పెట్టాలో నీకు ఎనిమిదో ఏటే నేర్పాను. ఇప్పుడు నీకు యాభై దాటాయి, ఆ వత్తు మాత్రం ఇంకా దారి తప్పి తిరుగుతూనే ఉంది. ఎర్రసిరాతో దిద్ది, నీ ఉత్తరం నీకే ఇందులో పెట్టి పంపుతున్నాను. మూతి ముడుచుకోకు. అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని. ఆ మాత్రం హక్కు నాకుంది.

ఇక్కడి వార్త ఒకటి చెబుతాను, నవ్వుకో. మా చర్చికి కొత్త పాస్టరు వచ్చాడు. గడ్డం ఇంకా సరిగా మొలవలేదు గాని, గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత. ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, “అమ్మగారూ, పెద్దవాళ్ళ తరగతికి రెండు వారాలకొకటి చొప్పున పన్నెండు పాఠాలు మీరే చెప్పాలి” అన్నాడు. దేని మీద అని అడిగాను. క్రైస్తవ జీవితంలో వినయం అట. ముప్పై నాలుగేళ్ళు బడిలో పని చేసి, అందులో పంతొమ్మిదేళ్ళు ప్రధానోపాధ్యాయురాలిగా ఉండి, ఏనాడూ నా గొప్ప నేను చెప్పుకోని మనిషిని. వినయం గురించి ఈ ఊళ్ళో నాకంటే బాగా చెప్పగలిగేవాళ్ళెవరు? ఆ సంగతి అతనికెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను. ఇప్పటిదాకా అతనికి తెలిసిన విషయం అదొక్కటే.

మొన్న గురువారం సాయంత్రం మొదటి పాఠం. వచ్చినవాళ్ళు పదకొండు మంది. మందుల షాపాయన ఒకడు, అరడజను మాత్రల పేర్లు నోటికొచ్చు కనక తనూ సగం డాక్టరునే అనుకుంటాడు. ఇంకో పెద్దాయన పాఠమంతా నిద్రపోయి, ముగింపు ప్రార్థనకు మాత్రం గడియారంలా లేచి అందరికంటే గట్టిగా ఆమెన్ అంటాడు. ఆసుపత్రిలో నేల తుడిచే ఆయా ఒకతె డ్యూటీ దిగి నేరుగా వచ్చేసింది, ఫినాయిలు వాసనతో. వచ్చి ఎక్కడ కూర్చుంది? ముందు వరసలో! వినయం మీద పాఠానికి వచ్చి ముందు వరసలో కూర్చున్న మనిషికి ఇక నేనేం చెప్పను?

మీ ఆయన ఇంకా ఆ షెడ్డులోనే కూర్చుని కాలిపోయిన మోటార్లకు తీగ చుడుతూ ఉన్నాడనుకుంటాను. ఆ వార్నిష్ వాసన నీ కాగితాలక్కూడా అంటుకుంటోంది. కిటికీలో కాసేపు గాలికి పెట్టి గాని చదవలేకపోతున్నాను.

ఆశీస్సులతో,
అక్క

కాలువ పక్క ఇల్లు
జూన్ 19

అక్కా,

నువ్వు దిద్ది పంపిన ఉత్తరం అందింది. ఎర్రసిరా ఇంకా దొరుకుతోందన్నమాట.

నీకు తరగతి ఇచ్చారంటే సంతోషమే. ముందు వరసలో కూర్చున్న ఆవిడకి చెవులు సరిగా వినపడవేమో, అడిగి చూశావా?

ఇక్కడ బడులు తెరిచే రోజులు గదా, యూనిఫారాల పని గొంతు దాకా ఉంది. చొక్కాలు వేరేవాళ్ళు కుడతారు, కాజాలు నావి. రోజుకి నూట ఇరవై కాజాలు చేస్తే వేలి చివర సూది దిగినా తెలియదు.

ఒక చిన్న సాయం అడగాలని రాస్తున్నాను. మంగళవారాలూ శుక్రవారాలూ నేను ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్ళాల్సి వస్తోంది. నా కోసం కాదు, ఇంకొకరి కోసం. తెల్లారేసరికే వరస గేటు దాటి రోడ్డు మీదికొస్తుంది. రోజుకి నలభై టోకెన్లే. నలభై ఒకటో మనిషి ఎలా ఉన్నా సరే, వెనక్కి పొమ్మంటారు. అక్కడ కడుపు జబ్బుల పెద్ద డాక్టరు నీ దగ్గర చదువుకున్నవాడే. బడి గోడ మీద ఫస్టు వచ్చినవాళ్ళ పేర్లు రాయించేదానివి చూడు, అందులో ఉన్నాడు. నీ చేత్తో రెండు ముక్కలు రాసిస్తే ఆయనకి చూపిస్తాను. చూసి పంపేయమని కాదు, కూర్చోబెట్టి నింపాదిగా చూడమని.

వీలైతేనే.

చిట్టి

బడి వీధి, మేడ మీది గది
జూలై 3

చిట్టీ,

ఈసారి ఏడే తప్పులు. మెరుగు.

నువ్వడిగిన సాయం గురించి చాలా ఆలోచించాను, ప్రార్థన కూడా చేశాను. నేను ఆ ఉత్తరం రాయను. ఎవరి కోసమో నువ్వు చెప్పలేదు. పక్కింటి వాళ్ళో, కుట్టు దగ్గరి వాళ్ళో అయి ఉంటారు. ఊళ్ళో వాళ్ళ బరువంతా నెత్తికెత్తుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఆలోచించు, నా పేరు చెప్పుకుని నలభై మందిని దాటి ముందుకు వెళ్ళడం ఏమవుతుంది? గర్వమవుతుంది. సరిగ్గా ఈ వారం నేను చెప్పిన పాఠం అదే: తన వంతు వచ్చేదాకా నిలబడడం. గురువారం నోటితో వరసలో నిలబడమని చెప్పి, శుక్రవారం చేత్తో సిఫారసు రాయమంటావా? నిలబడనీ. వరస మనిషికి చాలా నేర్పుతుంది.

ఎలాగూ ఆ డాక్టరు ఇప్పుడు నన్ను గుర్తు పడతాడన్న నమ్మకం లేదు. పోయినేడు ఒక పెళ్ళిలో నన్ను చూసి కూడా చూడనట్టే వెళ్ళిపోయాడు. అలాంటివాణ్ణి నేను అడుక్కోవాలా?

తరగతి సంగతి. ప్రతి ఒక్కరూ తమ గర్వానికి ఒక ఉదాహరణ చెప్పాలన్నాను. మందుల షాపాయన లేచి, “నాకున్న లోపమల్లా అతిమంచితనమేనండీ” అన్నాడు. నిద్రపోయే పెద్దాయన నిద్రపోయాడు. ఆయా లేచి, కోడలు వండినది బాగుందని తెలిసి కూడా ఆరేళ్ళుగా ఒక్కసారీ బాగుందని అనలేదనీ, నిన్న రాత్రి అన్నాననీ, కోడలు ఏడ్చిందనీ చెప్పింది. దానికి తరగతిలో ఇద్దరు ముగ్గురు ముక్కులు చీదారు. పాపమంటే కూర బాగుందని అనకపోవడమే అనుకునే మనుషులకు నేను ఆత్మపరీక్ష నేర్పాలి! ఓపిక పట్టి, “కూర్చోమ్మా, ఇంకాస్త లోతుగా వెతుక్కో” అన్నాను.

అక్క

కాలువ పక్క ఇల్లు
జూలై 25

అక్కా,

సరే. రాయొద్దులే.

వరస ఏం నేర్పుతుందో చూడమన్నావు గనక చూసింది రాస్తాను. ఆ వరసలో ఒకాయన ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. మనిషి సగానికి సగం తగ్గిపోయాడు, ప్యాంటు నడుం దగ్గర తాడుతో కట్టుకుంటాడు. కడుపులో నొప్పి వచ్చినప్పుడు బెంచీ అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు, పోయాక పక్కవాళ్ళతో మామూలుగా మాట్లాడతాడు. భార్య వెంట ఉంటుంది.

మొన్న మంగళవారం ఆయనకి ముప్పై తొమ్మిదో టోకెను దొరికింది. దొరక్క దొరక్క దొరికింది. వెనక ఎవరో పిల్ల, చంకలో బిడ్డతో వచ్చింది. బిడ్డ ఏడవడం కూడా మానేసి ఉంది. నలభైయ్యోది అప్పుడే అయిపోయింది. ఆయన తన టోకెను ఆ పిల్ల చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నాడు. భార్య నానా మాటలూ అంది. అందరి ముందూ అంది. “నీకు బతకాలని లేదా? నాకోసమైనా లేదా?” అంది. ఆయన, “ఆ బిడ్డకి శుక్రవారం ఉండదేమోనే. నాకుంటుందిగా” అన్నాడు. తర్వాత పొద్దు పోవాలి గదాని, ఆ హాల్లో ఏడాదిగా తిరగని ఫ్యానుని వార్డుబాయ్ చేత దింపించి బాగుచేసి పెట్టాడు. మధ్యాహ్నానికి తిరిగింది. జనం దాని కింద చేరారు. బాగుచేసింది ఎవరో సగం మందికి తెలియదు.

ఇలాంటివాళ్ళని ఏమంటారో నీ పాఠాల్లో ఉంటే రాయి.

చిట్టి

బడి వీధి, మేడ మీది గది
ఆగస్టు 20

చిట్టీ,

జవాబు ఆలస్యమైంది. పాఠాలు రాసుకోవడంతోనే సరిపోతోంది. పాస్టరు వాటన్నిటినీ చిన్న పుస్తకంగా వేద్దామంటున్నాడు. నాకిష్టం లేదన్నాను. మళ్ళీ అడిగితే చూద్దాం.

నువ్వు రాసిన ఆ వరసలో మనిషి నాకు బాగా పనికొచ్చాడు. ఆరో పాఠం అంతా అతని మీదే నడిపించాను: వినయానికీ చేతకానితనానికీ ఉన్న తేడా. తరగతికి స్పష్టంగా చెప్పాను. ప్రాణం దేవుడిచ్చింది, దాన్ని కాపాడుకోవడం బాధ్యత. వచ్చిన టోకెను దానం చేసేసి, భార్యను నలుగురిలో ఏడిపించి, అడగని ఫ్యాను బాగుచేయడం వినయం కాదు, వెన్నెముక లేకపోవడం. ఇలాంటివాళ్ళు మంచివాళ్ళనిపించుకోవాలనే ఆశతోనే బతుకుతారు. ఆ ఆశ తీసేస్తే అక్కడ మనిషంటూ ఏమీ మిగలడు. మందుల షాపాయన తల ఊపాడు. నాలుగైదు చోట్ల నవ్వారు కూడా, తాడు కట్టిన ప్యాంటు దగ్గర.

ఆయా మాత్రం నవ్వలేదు. లేచి, “అమ్మా, ఆయన్ని ఒక్కసారి చూడాలని ఉందమ్మా. ఏ ఊళ్ళో ఉంటారు?” అంది. నేను పాఠం చెబుతుంటే ఈవిడకి చిరునామా కావాలి! “ఉదాహరణలకు చిరునామాలుండవమ్మా” అన్నాను. “మరి ఆయనకి తర్వాత శుక్రవారం దొరికిందా?” అంది. నాకెలా తెలుస్తుంది? కూర్చోమన్నాను.

నీకు వీలైతే ఆ మనిషి గురించి ఇంకేమైనా రాయి. పుస్తకంలో ఒక పేజీ నిండుతుంది.

అక్క

కాలువ పక్క ఇల్లు
సెప్టెంబరు 2

అక్కా,

దొరకలేదు. ఆ శుక్రవారం దొరకలేదు, తర్వాతి మంగళవారం దొరికింది. డాక్టరు రెండు నిమిషాలు చూశాడు. ఆ పై వారం మంచం దిగలేదు. ఆగస్టు పద్నాలుగున పొద్దున పోయారు.

ఆయన మీ మరిది.

ఆయన్ని సమాధి చేసి వచ్చిన పదో రోజున నీ ఉత్తరం అందింది. షెడ్డులో సామాను సర్దుతున్నాను. చేతులు తుడుచుకుని అక్కడే నిలబడి చదివాను. తాడు కట్టిన ప్యాంటు దగ్గర నవ్వారని రాశావు. ఆ తాడు కట్టింది నేను. ప్యాంటు నడుం లోపలికి తీసి కుడతానంటే, “మళ్ళీ ఒళ్ళొస్తే ఊడదియ్యాలి, నీకు డబల్ పని, తాడు చాల్లే” అన్నారు.

నువ్వు సిఫారసు రాసి ఉంటే ఆయన బతికేవారని నేను అనను. ముదిరిపోయిందని తర్వాత చెప్పారు. కానీ సిమెంటు బెంచీ మీద తొమ్మిది పొద్దులు కూర్చోకుండా ఉండేవారు. ఆ తొమ్మిది పొద్దులూ మా ఇంట్లో, కాలువ వైపు కిటికీ దగ్గర ఉండేవారు. అంతే. పెద్ద విషయం కాదు. నీ వంతు వినయం నువ్వు చేశావు.

ముప్పై ఏళ్ళలో ఏ ఉత్తరంలోనూ ఆయన ఎలా ఉన్నారని నువ్వు అడగలేదు. వార్నిష్ వాసన గురించి మాత్రం రాసేదానివి. ఆయన చదివి నవ్వేవారు. “మీ అక్క ముక్కు మంచిదే” అనేవారు. ఇప్పుడు వాసన రాదులే. ఉత్తరం నేరుగా చదువుకోవచ్చు.

ఒక పేజీ నిండుతుందన్నావుగా. నింపుకో. ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో తెలిసింది గదా.

తప్పులు దిద్ది పంపనక్కర్లేదు.

చిట్టి

బడి వీధి, మేడ మీది గది
సెప్టెంబరు 9

నా చిట్టీ, నా తల్లీ,

ఏ ముఖంతో రాయను? నేను మనిషినా? నీ ఉత్తరం చదివిన క్షణం నుంచి నా కంట నీరు ఆగలేదు. నేనెంత నీచురాలినో, నేనెంత గుడ్డిదాన్నో దేవుడు ఒక్క దెబ్బతో నాకు చూపించాడు. ఇంత పాపం ఇంకెవరైనా చేసి ఉంటారా? ఈ లోకంలో నాకంటే గర్విష్ఠి ఉండదు, ఇది నిశ్చయం.

నిన్న గురువారం తరగతిలో పుస్తకం మూసేసి, అందరి ముందూ మోకాళ్ళ మీద పడి ఒప్పుకున్నాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. అయినా పడ్డాను. ఆ మనిషి నా స్వంత మరిది అని, ఆయన్ని హతమార్చింది నా గర్వమని చెప్పాను. తరగతంతా ఏడ్చింది. నిద్రపోయే పెద్దాయన కూడా లేచాడు. పాస్టరు గారు నన్ను లేవదీసి, “అమ్మగారూ, ఇంత వినయం నా సేవలో నేనెక్కడా చూడలేదు” అన్నారు. నా ఒప్పుకోలుని చర్చి పత్రికలో వేస్తే వేలమంది కళ్ళు తెరుచుకుంటాయన్నారు. నా పరువు పోతే పోనీ, వేయండి అన్నాను.

ఆయా మాత్రం, నేనింకా నేల మీదే ఉండగా, “ఎప్పుడు బయల్దేరుతున్నారమ్మా?” అంది. ఎక్కడికన్నాను. “చెల్లెమ్మ గారి దగ్గరికి” అంది. అంతటి పశ్చాత్తాపం మధ్యన ఆమెకు రైలు టైము కావాల్సి వచ్చింది! కొందరికి కన్నీళ్ళ భాష తెలియదు.

వస్తాను. వచ్చి నీ కాళ్ళ మీద పడతాను. ఆయన సమాధికి పాలరాయి వేయిస్తాను. దాని మీద నాలుగు పంక్తులు రాశాను, ఇందులో పెట్టాను. నువ్వు ఏ శిక్ష వేసినా భరిస్తాను. ఎంత పెద్దదైతే అంత మంచిది.

నీ పాపిష్ఠి అక్క

కాలువ పక్క ఇల్లు
సెప్టెంబరు 30

అక్కా,

రావద్దు.

మూడు వారాలు ఊరుకున్నాను, కోపం తగ్గాక రాద్దామని. తగ్గలేదు, రాస్తున్నాను.

నీ ఉత్తరం నిండా నువ్వే ఉన్నావు. నీ మోకాళ్ళు, నీ కన్నీళ్ళు, నీ పరువు. ఆయన రెండు చోట్ల కనపడ్డారు, అదీ నీ పాపాన్ని మోసుకుంటూ. బడిలో ఫస్టు రావాలనే దానివి, ఇప్పుడు పాపంలోనూ ఫస్టేనా? నీ కంటే గర్విష్ఠి లోకంలోనే లేదా? మామూలు మనిషివక్కా నువ్వు. నోటి దురుసు, ముక్కు మీద కోపం, కాస్త తెలివి. అలాంటివాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు.

నువ్వు ఆయన్ని చంపలేదు. అంత పని నీ వల్ల కాదు. కడుపులో పుండు చంపింది. నువ్వు చేసింది చిన్న పని: ఒక ఉత్తరం రాయలేదు. చిన్న పని చేశానని ఒప్పుకోవడం నీకు చేతకాలేదు, అందుకని హత్య చేశానంటున్నావు.

రాయి మీద పద్యం వేయొద్దు. చదివాను. బాగుంది. అందుకే వద్దు. చూసినవాళ్ళు ఆయన గురించి అడగరు, రాసిందెవరని అడుగుతారు.

మీ తరగతిలో ఆ ఆయా ఒక్కతే మనిషిలా మాట్లాడింది. ఆవిడ అడిగినప్పుడే బండెక్కి వచ్చుంటే తలుపు తీసేదాన్ని. నువ్వు పత్రికకి రాసుకుంటూ కూర్చున్నావు.

ఇక ఉత్తరాలు వద్దు కొన్నాళ్ళు.

చిట్టి

బడి వీధి, మేడ మీది గది
నవంబరు 11

చిట్టీ,

ఉత్తరాలు వద్దన్నావు. నెలన్నర ఆగాను. ఇది చదవకపోయినా సరే.

తరగతి మానేశాను. పత్రికలో వేయవద్దని పాస్టరు గారికి చెప్పడానికి వెళ్ళాను. అప్పటికే ప్రూఫు వచ్చింది. అది నేనే దిద్ది ఇచ్చి ఉన్నాను, అచ్చుతప్పుల్లేకుండా. వద్దని చెప్పాక, దానికి కూడా ఆయన మెచ్చుకుంటారేమోనని గుమ్మంలో ఒక నిమిషం ఆగాను. “సరేనమ్మగారూ, ఆ పేజీలో పాటల బృందం ఫొటో వేస్తాం” అన్నారు. ఇంటికి వచ్చేదాకా దానికి బాధపడ్డాను. నా సంగతి ఇదీ.

తర్వాతి గురువారం ఆయా మా మేడ మెట్లెక్కి వచ్చింది. పాఠం లేదా అని అడిగింది. నేను చెప్పడానికి తగనన్నాను. “మీరు తగుతారని ఎవరొచ్చారమ్మా? పదకొండు మందిమి ఒక చోట కూర్చుంటున్నాం గదాని వచ్చాం. షాపాయన చెబుతున్నాడు ఇప్పుడు. ఏదో చెబుతున్నాడు” అంది. లోపలికి రమ్మనాలని నాకు తోచేసరికి ఆమె చాలాసేపే నిలబడిపోయింది. ఒక చెవి వినపడదట ఆమెకి. అందుకని ముందు కూర్చుంటుంది. నువ్వు జూన్‌లోనే అడగమన్నావు. నేనడగలేదు. ఆమే చెప్పింది.

వాళ్ళ ఆసుపత్రిలో ఫారాలు నింపేవాళ్ళు లేరట. చదువు రానివాళ్ళు కిటికీ దగ్గరికి వెళ్ళి తిట్లు తిని వస్తారట. వారానికి మూడు పొద్దులు వెళ్తున్నాను. వరస పక్కన బెంచీ ఉంది, దాని మీద కూర్చుంటాను. ఇది చెప్పి మెప్పు పొందాలని కాదు. నేను బాగా చేయడం లేదు. మొదటి వారం ఒక మనిషికి తన వయసెంతో తెలియకపోతే విసుక్కున్నాను. ఆయా వచ్చి, “టీచరమ్మా, ఇక్కడికెవరూ పరీక్ష రాయడానికి రాలేదు” అంది. మూడో వారం కూడా అదే మాట అనాల్సి వచ్చింది. నిన్న ఒక ముసలాయన, “నాది తర్వాత రాయండమ్మా, ముందు ఆ పిల్లది రాయండి” అన్నాడు. మీ వంతు మీరు వదులుకుంటే ఎలాగని నా నోటిదాకా వచ్చింది. ఆగిపోయాను. ఆ పిల్ల నా ముఖం చూసి, “మంచినీళ్ళు తేనా?” అంది.

నీకొక సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళ కింద మీ ఆయన మొదటిసారి మన గుమ్మంలోకి వచ్చినప్పుడు, నీళ్ళ మోటారు బాగుచేయడానికి వచ్చిన మనిషనుకుని పెరట్లోకి పంపాను. ఆయన నేరుగా పెరట్లోకి వెళ్ళారు. మోటారు విప్పి, బాగుచేసి, చేతులు కడుక్కుని వచ్చి, “మీ చెల్లెలిగారిని పెళ్ళి చేసుకుంటానని అడగడానికి వచ్చానండీ” అన్నారు. నేను చిన్నబోయాను. ఆయన చదువు తక్కువని మీ పెళ్ళికి రాలేదని నీకు చెప్పాను. అది కాదు. ఆయన ముఖం చూసినప్పుడల్లా ఆ పూట గుర్తొస్తుంది. అందుకే రాలేదు, అడగలేదు. ఆయన తప్పు ఏమీ లేదు.

నేను ఆయన మాట విన్నది ఆ ఒక్కసారే. చిట్టీ, ఆయన ఎలాంటివారు? పొద్దున లేచి ముందు ఏం చేసేవారు? నీతో ఎలా మాట్లాడేవారు? దేనికి నవ్వేవారు? నాకేమీ తెలియదు. తెలియదని ఇన్నాళ్ళూ తెలియలేదు. నీకు ఇష్టమైతే రాయి.

అక్క

కాలువ పక్క ఇల్లు
డిసెంబరు 1

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జవాబు రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే నా మాట ఒకటి లోపలే ఉండిపోతుంది.

నువ్వడిగినవి ముందు. పొద్దున లేచి ముందు షెడ్డు తలుపు తీసి, తీసినందుకే సంతోషంగా కాసేపు నిలబడేవారు. మాట నెమ్మది. మోటార్లతో కూడా మాట్లాడేవారు, “ఎందుకమ్మా కాలిపోయావు” అని. ప్రార్థన చాలా చిన్నది, నేను కళ్ళు మూసుకునేలోపు అయిపోయేది. పాట వస్తే తాళం తప్పేవారు, అది తెలిసి కూడా పాడేవారు. నేను కోప్పడితే నవ్వేవారు, ఆ నవ్వుకి నాకింకా కోపం వచ్చేది. ఆయన నీ మీద ఒక్క మాట అనలేదు. అననందుకు నాకు మంటగా ఉండేది.

ఇప్పుడు నాది. జూన్‌లో ఎవరి కోసమో రాయకుండా ‘ఇంకొకరి కోసం’ అని రాశాను చూడు, అది మర్చిపోయి కాదు. మీ మరిదికి బాగాలేదు, రా అని రాస్తే నువ్వు ఆ సాయంత్రమే బండెక్కేదానివి. అది నాకు తెలుసు. తెలిసే రాయలేదు. నువ్వు వచ్చి మా ఇంట్లో నిలబడి అన్నీ సర్దిపెట్టి, డాక్టర్ని పేరుపెట్టి పిలిచి, నాకు సాయం చేస్తే, నేను నీకు తలవంచాలి. ఆ ఒక్క పని నేను చేయలేకపోయాను. నువ్వు తెలియక ఏదో ఒకటి అంటావని, అన్నాక చెప్పాలని చూశాను. అన్నావు. సెప్టెంబరు ఉత్తరం మూడుసార్లు చిత్తు రాసి, నాలుగోసారి మంచి కాగితం మీద ఎత్తి రాశాను. ఆయన పోయి ఇరవై రోజులు కాలేదు, నేను మాటలు ఏరుకుంటూ కూర్చున్నాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు గాని, నిన్ను అంత బాగా కోశాను. పోస్టు చేసి వచ్చి హాయిగా నిద్రపోయాను కూడా.

ఇంకా ఒకటుంది. ఇది దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మంచం పట్టక ముందే ఆయన అడిగారు, “మీ అక్కకి ఒక్క ముక్క రాయవే. పెద్దావిడ, తర్వాత తెలిస్తే తట్టుకోలేదు” అని. రాశానని చెప్పాను. రాయలేదు. ఆ పై వారమంతా గుమ్మంలో చప్పుడైతే, “మీ అక్కేమో చూడు” అనేవారు. బండి దొరకలేదేమో అనేవారు. నీ తరఫున ఆయనే సర్దిచెప్పుకునేవారు. నేను పక్కన కూర్చుని కాజాలు కుట్టాను. చెప్పలేదు.

నీకు గర్వమని ఇన్ని పేజీలు రాశాను. నీది గట్టిగా అరిచే గర్వం, అందరికీ వినపడుతుంది. నాది మెత్తగా ఉంటుంది, ‘వీలైతేనే’ అని రాస్తుంది. చర్చిలో నన్ను చూసి అందరూ ఎంత అణకువ అంటారు. నేను కాదనను.

నాకు నీ క్షమాపణ అక్కర్లేదు, నీకు నాది ఇచ్చే అర్హతా నాకు లేదు. ఇద్దరం ఆయన్ని అడగాల్సినవాళ్ళమే, ఆయన లేరు. మరి ఏం చేస్తాం?

షెడ్డు ఈ నెలాఖరుకి ఖాళీ చేసి ఇచ్చేయాలి. తీగ చుట్టలు, పాత మోటార్లు, డబ్బాలు, అన్నీ ఉన్నాయి. ఏది ఎవరిదో చీటీలు రాసి కట్టాలి, బాగుచేయించుకున్నవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను. ఈ మాట రాయడానికి ఈ పేజీ అంతా పట్టింది.

పదో తారీఖు శనివారం పొద్దున బండికి రా. పాత బట్టలు తెచ్చుకో, మసి అంటుతుంది. స్టేషనుకి నేను రాలేను, యూనిఫారాలు ఇవ్వాల్సిన రోజు. నువ్వెప్పుడూ రాలేదు గనక దారి తెలియదు. స్టేషన్లో ఆటో ఎక్కి కాలువ దగ్గర దిగి ఎవరినైనా అడుగు, చెబుతారు.

చిట్టి